మాచర్లలో పీకించుకున్న పన్ను

మస్తానమ్మ మాచర్ల దగ్గర క్వారీలో నాపరాళ్లు మోసేది. నెత్తిన గుడ్డచుట్ట, దాని మీద రాయి, నోటినిండా ఊళ్లో కబుర్లు. పంతొమ్మిది వందల ఎనభై ఆరు ఎండాకాలంలో ఆ నోరు మూతపడింది. అందరూ అన్నాలకు పోయిన వేళ, మేస్త్రీ గంగయ్య రాళ్ల దిమ్మెల చాటున ఆమెను బలాత్కరించాడు.

మొగుడు పిచ్చియ్యకు చెబితే గొడ్డలి తీసుకుని గంగయ్య మీదికి పోతాడో, జుట్టు పట్టుకుని తననే బయటికి నెడతాడో! ఇన్నేళ్లు కాపురం చేసీ ఆ ఒక్క సంగతి ఆమెకు అంతుబట్టలేదు. పైగా ఇద్దరికీ పని ఇచ్చేది ఆ గంగయ్యే. తెల్లారి, ఎవరికీ చెప్పకుండా, మాచర్ల పోలీసుస్టేషన్లోనే చెబుదామని బస్సెక్కింది.

బస్సెక్కిన మనిషిని ఎక్కడికని అడక్కపోతే మనవాళ్లకు సీటు గుచ్చుకుంటుంది కదా. పక్కింటి హజ్రా బీ జరిగి చోటిచ్చింది.

"ఏమే, పనికి పోకుండా ఎక్కడికే?"

బస్సంతా ఇటు తిరిగింది.

"పన్ను నొప్పి పిన్నమ్మా."

"అయ్యో, మొహం ఎట్టా పీక్కపోయిందో చూడు! మా పిల్ల జరీనాకి పన్ను పీకినాయన ఉన్నాడులే. నేనొస్తా పద."

"వద్దులే పిన్నమ్మా, నే పోతా."

"నోరు ముయ్యవే. మీ అమ్మే ఉంటే తోడు రాదా?"

బస్సు దిగి స్టేషను గేటు ముందు నుంచే నడిచారు. మస్తానమ్మ కాళ్లు ఆగాయి. ఏమని మొదలుపెట్టాలి? చెయ్యి పట్టుకున్న హజ్రా బీ మంచిది. మంచిది కాబట్టే ఉండబట్టలేక నలుగురి దగ్గరా ఏడుస్తుంది. సాయంత్రానికి పిచ్చియ్య చెవిన పడుతుంది.

"అటు చూస్తావేందే? డాక్టరు ఇటు."

పళ్ల డాక్టరు ఏ పన్నని అడిగితే, తోచినదాన్ని చూపించింది. ఆయన తట్టి చూశాడు.

"ఇది గట్టిగానే ఉందే?"

"అదో, దాని పక్కదో... తెలవటల్లేదయ్యా."

"పీకెయ్యయ్యా, పిల్ల రాత్రంతా నిద్రపోయినట్టు లేదు," అంది హజ్రా బీ.

పన్ను ఊడింది. అప్పుడొచ్చింది ఏడుపు, నిన్నటి నుంచి రానిదంతా. హజ్రా బీ కొంగుతో తుడుస్తూ, "ఏడువే తల్లీ, పన్ను నొప్పి అట్టాంటిదే," అంది.

మర్నాడు క్వారీలో గంగయ్య అందరి ముందూ పలకరించాడు.

"ఏమే, పన్ను పీకిచ్చుకున్నావంటగా? మాచర్ల పోయావంటే ఏందో అనుకున్నా!"

అందరూ నవ్వారు, పిచ్చియ్య కూడా. మస్తానమ్మ నాలుకతో ఖాళీ చోటు తడుముకుంది. నిజంగా పన్ను కోసమే పోయానా అని ఒక్క క్షణం అనుమానమొచ్చింది. గుడ్డచుట్ట నెత్తిన పెట్టుకుంది గానీ, ఎటు నడవాలో చాలాసేపు తెలియలేదు.