మేనమామ ఒళ్లో కెమెరా

ముందే ఒప్పుకుంటాను, తెలివితక్కువ పని నాదే. మేనకోడలి పుట్టు వెంట్రుకలు తీయించే రోజు పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకోవలసిన మేనమామను నేనే. ఫోటో తీసేదీ నేనేనని పట్టుబట్టాను.

కారణం మెడలో వేలాడుతోంది. కొత్త కెమెరా. జనగామ నుంచి కురవి గుడిదాకా దాన్ని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని వచ్చాను.

అక్క ఒక్కటే అడిగింది. "తమ్మీ, పుట్టు వెంట్రుకలు ఒక్కసారే తీస్తరు. నువ్వు కత్తెర పెడ్తుంటే బిడ్డ మొఖం, నీ మొఖం కనబడాలె. గసొంటి ఫోటో ఒక్కటి చాలు."

బావ చెయ్యి చాచాడు. "ఇటు తే, నేను తీస్త."

ఆయనది భూపాలపల్లి బొగ్గు బాయిలో కొలువు. చేతిలో అద్దం పగిలిన ఫోను. "దీనికి నేర్పు కావాలె బావా," అన్నాను. అది నాకెప్పుడు వచ్చిందని ఆయన అడగలేదు. "సరే గని బామ్మర్దీ, జర ఈ రేకుల పందిరి అంచుకు జరిగి కూసో," అన్నాడంతే. గుండు చేసే పెద్దాయనకు వీలుగా ఉంటుందని కాబోలు అనుకుని జరిగాను.

పిల్లను అక్కకిచ్చి స్టాండు నిలబెట్టి, పది సెకన్ల టైమరు పెట్టి మళ్లీ నా చోటికి పరుగెత్తాను. మొదటి ఫోటోలో నా వీపు. రెండో దాంట్లో పెద్దాయన వీపు. మూడోసారికి పిల్ల పెదవి వంకర తిరిగింది.

"సారూ, దేవునికి మొక్కొచ్చినవా, కెమెరాకా? కత్తెర పట్టు," అన్నాడు పెద్దాయన.

కంగారులో మీట నొక్కకుండానే వచ్చి కత్తిరించాను. ఆ రోజు రెండు గుండ్లయ్యాయి: పిల్లకొకటి, నా కెమెరాలో గుండుసున్నా ఒకటి. బరువు మోసి పరువు పోగొట్టుకున్నాను. అక్క పైటకొంగుతో కళ్లు తుడుచుకుంది.

అప్పుడు బావ ఫోను చూపించాడు. పగిలిన అద్దం కింద మేమిద్దరం. రేకుల అంచు నుంచి జారిన ఎండ పిల్ల చెంప మీద, నా చేతి మీద. వెనకంతా చీకటి. పిల్ల కత్తెరను చూస్తోంది, నేను పిల్లను చూస్తున్నాను. నేను అంత బాగుంటానని నాకే తెలియదు.

"ఎట్ల తీసినవ్ బావా?" అని మహబూబాబాద్ చేరేదాకా అడుగుతూనే ఉన్నాను.

"బాయిల దిగినంక తల మీది లైటే దిక్కు. అది పడ్డకాడనే కనబడ్తది. పైకొచ్చినా వెలుగు ఎటుకెల్లి వస్తుందో చూసే అలవాటు పోతలేదు."

ఆ ఫోటోను గోడకు సరిపడా పెద్దది చేయిస్తే ముఖాలు చెదిరిపోయాయి. పరికరానికీ కాస్త విలువుందని అప్పుడు సంబరపడ్డాను. అనుమానం తీరక, ఇంట్లో నా కెమెరా బావకిచ్చి చూశాను. "ఏది నొక్కాలె?" అని అడిగి, పిల్లను కిటికీ పక్కకు జరిపి తీశాడు. గోడకెక్కింది అదే.

ఈలోగా నా వీపు ఫోటో చుట్టాలందరి ఫోన్లలోకీ చేరింది. "మా బామ్మర్ది వీపు సుత నవ్వుతది," అని బావ ప్రతి పెళ్లిలోనూ చెప్పేవాడు.

పిల్ల చెవులు కుట్టించే రోజు కెమెరాను సంచీతో సహా బావ మెడలో వేశాను. "నేర్పున్నోని కాడనే ఉండాలె బావా. ఇగ నీదే."

అప్పటి నుంచి చుట్టాలు ఆయనను వదలడం లేదు. ఏ ఫోటోలోనూ ఆయన ఉండడు. తిండి కూడా ఆఖరి బంతిలోనే, పులుసు తప్ప ముక్క మిగలని వేళకు. నేను మొదటి బంతిలో కూర్చుని, నల్లిబొక్కలోని మూలుగ జుర్రుతూ పిలుస్తాను:

"బావా, జర వెలుగు చూసి ఇంకోటి తియ్యి."