దీవిగా మారిన గుట్ట మీద, దొన దగ్గర ఒక పూట

మా మనుమరాలు తన ఫోన్‌లో చూపిన ఒక ఛాయాచిత్రం ఈ ప్రయాణానికి కారణం. నలువైపులా నీరు, నడుమ ఒక ఎర్రని గుట్ట, దాని అంచున లైఫ్ జాకెట్లు తొడుక్కొని నవ్వుతున్న నలుగురు యాత్రికులు. "మన కడప జిల్లాలోనే దీవి ఉంది, చూడు తాతా" అంది. నేను చూసినది నీటిని కాదు, గుట్టను. ముందుకాళ్ళు ముడుచుకొని పడుకొన్న ఎద్దులాంటి ఆ ఆకారాన్ని పదకొండు నెలల పాటు ప్రతి సాయంకాలమూ చూసినవాణ్ణి నేను. నలభై ఆరేళ్ళ క్రితం, ఆ గుట్ట కింది ఊరి బడిలో తెలుగు పండితుడిగా నా మొదటి ఉద్యోగం. ఆ ఊరు ఇప్పుడు జలాశయం వెనుకజలాల అడుగున ఉంది. చిత్రం కింద ఇలా రాసి ఉంది: పడవ, కొండనడక, భోజనంతో సహా ఒక పూట యాత్ర; దారి చూపువాడు ఓబులేసు. ఆ పేరు చదివాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎందుకో ముందే చెప్పాలి. బండల నడుమ వాననీరు నిలిచే సహజమైన గుంటను మా సీమలో దొన అంటారు. ఆ గుట్ట మీద అటువంటి దొన ఒకటి ఉండేది. ఎండాకాలం నాలుగు నెలలూ ఊరి గొర్రెల మందలకు అదే ఆధారం. దాని నోటికి ఒక పలకబండ మూతగా ఉండేది. తాగినవాడు మొదటి దోసిలి పక్షులకని బండ మీద పోయాలి, చివర మూత మూసి దిగాలి. ఆ మూతను కనిపెట్టుకొని ఉండే బాధ్యత ఒక గొర్రెల కాపరి ఇంటిది. తండ్రి నుంచి పెద్దకొడుక్కు వస్తుంది. నేను సాయంత్రాలు ఆ గుట్టెక్కి పద్యాలు అల్లుకొనేవాణ్ణి. ఒక కరువు వేసవిలో, ఎన్నాళ్ళుగానో కుదరని ఒక సీసపాదానికి యతి కుదిరిందన్న సంబరంలో, నీళ్ళు తాగి మూత మూయకుండానే దిగివచ్చాను. ఆ రాత్రి ఒక గొర్రెపిల్ల అందులో పడి చచ్చింది. నీరు చెడింది. మందను ఎండలో పెన్న ఇసుకలోని చెలమల దాకా తోలుకొని పోతే, దారిలో రెండు చూడి గొర్రెలు పడిపోయాయి. ఆ ముందురోజు గుట్ట మీద ఉన్నది తన పెద్దకొడుకేనని తలచి కాపరి వాణ్ణి కట్టెతో కొట్టాడు. మరునాడు ఆ పిల్లవాడు వాచిన చేతితో నా తరగతిలో కూర్చున్నాడు. "ఏమైందిరా?" అని అడిగాను. "పడినా అయివారూ" అన్నాడు. అప్పటికి ఊరంతా చెప్పుకొంటున్నది నాకు తెలుసు. అయినా నోరు విప్పలేదు. కొద్ది నెలలకే ప్రొద్దుటూరుకు బదిలీ అయి వెళ్ళిపోయాను. ఆ పిల్లవాడి పేరు ఓబులేసు.

కార్తికం చివరి వారంలో ఒకనాడు, ప్రొద్దుటూరు బస్టాండులో తెల్లవారుజామున అయిదు గంటల బస్సెక్కాను. జమ్మలమడుగుకు ముప్పావుగంట ప్రయాణం, టికెట్టు నలభై రూపాయలలోపే. బస్టాండు ఎదుట ఒక బండి దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. బండి నడిపే ఆమె నా చేతికర్రనూ కొత్త బూట్లనూ మార్చి మార్చి చూసి, "గుట్టకా పెద్దాయనా? ఇంగొక బజ్జీ తిను. ఆడ నీల్లు తప్ప ఏం దొరకదు" అంది. అక్కడి నుంచి ముద్దనూరు దారిలో వెళ్ళే షేర్ ఆటోలో ఇరవై అయిదు నిమిషాలు పోయి, ముందే చెప్పి ఉంచిన ఒక అడ్డదారి దగ్గర దిగాలి. ఓబులేసు మోటారుసైకిలుతో అక్కడ నిలబడి ఉన్నాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. తల నెరిసింది, నడుము మాత్రం నిటారుగా ఉంది.

"ఒగరేనా సామీ? తక్కినోల్లు?"

"నేనొక్కణ్ణే."

"యావూరు మీది?"

"ప్రొద్దుటూరు. బడిలో పాఠాలు చెప్పేవాణ్ణి."

"అయివారా! ఐతే రొంత నిదానంగానే పోదాం. గట్టిగా పట్టుకోండి, దోవ బాగలేదు."

నన్ను గుర్తుపట్టలేదు. అప్పుడే చెప్పి ఉండవలసింది. బండి ఎగుడుదిగుళ్ళలో మాట పెగలదని నాకు నేనే సాకు చెప్పుకొన్నాను.

ఒడ్డున మస్తాన్ పడవ సిద్ధంగా ఉంది. పదహారేళ్ళు కువైట్‌లో లారీ తోలి వచ్చి, ఇప్పుడు ఈ నీళ్ళలో చేపలు పట్టుకొనే మనిషి. ఇంజను ఊరికే చప్పుడని తెడ్లే వేస్తాడు. ఇరవై నిమిషాలలో దీవి చేరుతుంది. నీటి మీద మంచు ఇంకా విడలేదు. నీటికాకులు మొండిమానుల కొనల మీద రెక్కలు ఆరబెట్టుకొంటున్నాయి. ఆ మానులు ఒకప్పటి బాట పక్క చింతలని తెలుసుకోవడానికి నాకు కొంత సేపు పట్టింది. ఆ బాటనే బడికి నడిచేవాణ్ణి. ఇప్పుడు దాని మీద, దానికి నిలువెత్తున పైన, తేలిపోతున్నాను. అంగళ్ళ వీధి, పీర్లచావిడి, బడి అరుగు, వేటికి అవి ఎక్కడ ఉండేవో మనసులో కొలుచుకొంటుంటే మస్తాన్ తెడ్డు ఆపాడు.

"ఈడ రొంతసేపు ఆగతా అయివారూ. కింద మా ఇల్లుండాది."

"ప్రతిసారీ ఆపుతాడు. ఇంట్లో నుండి వాళ్ళమ్మ టీ తెచ్చిస్తాదని" అని ఓబులేసు ఎగతాళి చేశాడు.

"నవ్వుకో మామా, నవ్వుకో. కువైట్‌లో నీల్లు లేవని పదారేండ్లు ఏడిస్తి. దేవుడు ఇన్నాడు. సీదా మా ఇంటి మీదికే పంపిచ్చినాడు." మస్తాన్ కూడా నవ్వి, దోసిట్లోకి రెండు చుక్కల నీళ్ళు తీసుకొని కళ్ళకద్దుకొని, మళ్ళీ తెడ్డు వేశాడు.

ఏడు గంటలకు నడక మొదలయింది. మొదటి అరగంట తేలిక. తంగేడు పొదల నడుమ సన్నని కాలిబాట, కంకరనేల. ఆ తరువాత ఎర్రబండల మెట్ట వస్తుంది. అక్కడ చేతులు కూడా వాడాలి. డెబ్బై రెండేళ్ళ నా మోకాళ్ళకు అది పరీక్షే. ఓబులేసు ముందు నడుస్తూ ప్రతి నాలుగడుగులకూ వెనక్కి తిరిగేవాడు. "ఆ రాయి మీద కాదు, పక్కదాని మీద కాలు పెట్టల్ల. అది కదుల్తాది." "ఈడ ఊపిరి తీసుకో అయివారూ, కొండ యాడికీ పోదు." పలకరింపు అదే, నలభై ఆరేళ్ళ నాటిది, గొంతు మాత్రం పెద్దది. దారిలో కలివిచెట్లను గుర్తుపట్టాను. వాటి కాయలు కోసుకొని పిల్లలు బడికి తెచ్చేవారు, నా బల్ల మీద గుప్పెడు పెట్టేవారు. ఓబులేసు కూడా తెచ్చేవాడు. ఆ దెబ్బలు తిన్న తరువాత కూడా తెచ్చాడు. అది గుర్తుకు రాగానే ఒక బండ మీద కూర్చుండిపోయాను. అతడు దాహమనుకొని నీళ్ళ సీసా అందించాడు.

ఎనిమిదిన్నరకు దొన చేరాము. రెండు పెద్ద బండల నడుమ ఆ పలకరాయి అలాగే ఉంది. ఓబులేసు దాన్ని ఒంటిచేత పక్కకు జరిపాడు. లోపల తేటనీరు. మొదటి దోసిలి బండ మీద పోశాడు. నన్ను కూర్చోబెట్టి, యాత్రికులందరికీ చెప్పే కథను నాకూ చెప్పసాగాడు.

"ఈ దొన మా ఇంటోల్ల చేతిలో ఉండాది అయివారూ, మా అబ్బ కాలం నుండి. పెద్దకొడుకు కాపు కాయల్ల. నేనే పెద్దకొడుకును, కానీ నాది కాదు, మా తమ్మునిది. యాలంటే, పన్నెండేండ్లప్పుడు ఒక దినం మూత మూయకుండా నేను దిగిపోయినా. గొర్రెపిల్ల పడి నీల్లు చెడిపాయ. మా నాయన నన్ను కొట్టి, ఇంగ మీదట నీకు దీని మీద చెయ్యి లేదు అనె. వానలొచ్చినాక తొలి దోసిలి పోసే పని తమ్మునికే ఇచ్చె. నాకైతే మూసినట్టే గుర్తు. కానీ అందరూ అంటాండారు గదా, నేనే మరిచిపోయింటాలే. అందుకే వచ్చినోల్లకంతా చెప్తా: నా మాదిరి చేయొద్దండప్పా, మూత మూసి దిగండి అని."

నేను ఊహించినది అతని కోపాన్ని. తాను చేయని తప్పును తానే నమ్మి, వచ్చినవారికల్లా ఒప్పుకొంటూ బతుకుతున్నాడని ఊహించలేదు. ఇంక ఒక్క క్షణం ఆగితే ఇక ఎన్నటికీ చెప్పలేననిపించింది.

"ఓబులేసూ, నువ్వు మరిచిపోలేదు. నువ్వు మూసే దిగావు. నీ వెనుక ఎక్కి, తీసి, మూయకుండా వచ్చింది నేను. మీ బడిలో పద్యాలు చెప్పిన అయివారిని."

అతడు దగ్గరకు వంగి నా వైపు చూశాడు. కళ్ళద్దాలు తీసి ముఖం చూపించాను. గుర్తుపట్టాడు.

"యాల మూయలేదు?"

"ఒక పద్యం కుదిరింది. ఆ ధ్యాసలో..."

"దేని గురించి పద్యం?"

"వాన గురించి."

"వాన గురించా!" ఒక్కసారి నవ్వాడు, ఆ నవ్వులో తడి లేదు. "వానా రాకపాయ, ఉన్న నీల్లూ పాయ. శానా బాగుండాది అయివారూ నీ పద్యం." తన చేతిని చాపి చూపిస్తూ, "చేయి వాచిందని అడిగితివే నన్ను, గుర్తుండాదా?" అన్నాడు.

"గుర్తుంది. అందుకే వచ్చాను."

లేచి అటూ ఇటూ తిరిగాడు. తిట్టినా బాగుండేది. చివరకు ఫోన్ తీశాడు. "నాతో చెప్తే ఏం లాభం? మా తమ్మునితో చెప్పల్ల." ఆ గుట్ట మీద సిగ్నల్ బాగానే ఉంటుంది. తమ్ముడు చిన్నప్ప ఇప్పుడు వేంపల్లె దగ్గర గొర్రెలు మేపుకొంటున్నాడు. స్పీకరులో ముందు గొర్రెల అరుపులు వినిపించాయి, తరువాత మనిషి గొంతు. నేను గొంతు సవరించుకొని, "నాయనా, నలభై ఆరు సంవత్సరాల క్రితం నా అనవధానం చేత ఒక అపరాధం సంభవించింది..." అని మొదలుపెట్టాను.

"అన్నా, ఎవురీయప్ప? బ్యాంకోడా?"

"మామూలుగా చెప్పు అయివారూ" అన్నాడు ఓబులేసు.

"దొన మూత తీసింది నేను. మూయనిది నేను. మీ అన్న కాదు. మీ బడి అయివారిని."

 చిన్నప్ప గొంతు మెల్లగా వచ్చింది. "మా నాయన పోయి ఇరవై ఏండ్లాయ. ఇప్పుడు చెప్తాండావా అయివారూ?"  ఆలస్యమైందని ఒప్పుకొన్నాను.

"అన్నా, ఉండావా?"

"ఉండా."

"ఆ బండ నువ్వే మూయి. ఇంగ మీదట నీదే."

"ఇప్పుడు యాలరా? ఈడ తాగే గొర్రె ల్యాకపాయ. సుట్టూ సముద్రమే."

"సముద్రముంటే ఉండనీ. నీదే."

ఓబులేసు ఫోన్ జేబులో వేసుకొని వంగాడు. సాయం పట్టబోతే, "నువ్వు చెయ్యి పెట్టొద్దు అయివారూ" అన్నాడు. కోపంతో కాదు. బండను రెండు చేతులా పట్టి, అంచులు సరిచూసుకొంటూ, చాలా నెమ్మదిగా మూశాడు. మూసిన తరువాత అరచేయి దాని మీద ఉంచి కొంతసేపు అలాగే కూర్చున్నాడు. నేను దూరంగా, నీటి వైపు తిరిగి నిలబడ్డాను.

అతని భార్య కట్టి పంపిన జొన్నరొట్టె, వేరుశనగల ఊరిబిండి పచ్చడి గుట్ట పైనే తిన్నాము. నాకు రెండు రొట్టెలు, తనకు రెండు. మిగిలిన అయిదోది చెరిసగం చేశాడు. దిగడానికి గంటన్నర పట్టింది; పదకొండున్నరకు పడవ దగ్గర ఉన్నాము. "రేపు బెంగుళూరు నుండి ఆరుగురు వస్తాండారు. వాళ్ళకేమని చెప్పల్ల?" అని దారిలో అడిగాడు.

"జరిగింది చెప్పు. నా పేరు కూడా చెప్పు."

"పేరు యాలప్పా? ఒక అయివారు అంటే సాలదా?" అన్నాడు.

చేసిన పాపాన్ని నలుగురిలో వెల్లడించడం ప్రాయశ్చిత్తంలో తొలి భాగమని ధర్మశాస్త్రాలు చెబుతాయి. ఆ మాటను తరగతి గదులలో ఎన్నిసార్లు వివరించానో లెక్క లేదు. ఆచరించడానికి ఇంతకాలం పట్టింది. క్షమించానని ఓబులేసు అనలేదు, నేనూ అడగలేదు. కొట్టిన తండ్రి లేడు, ఆ మాట వినవలసిన ఊరూ లేదు. నేను నడిచిన బాట, పిల్లలు వల్లెవేసిన అరుగు, మస్తాన్ ఇల్లు అన్నీ అడుగున ఉన్నాయి. పైకి మిగిలినది ఆ గుట్ట ఒక్కటే. ఆలస్యంగా వచ్చినవాడికి అదైనా మిగలడం నా పుణ్యం కాదు, ఆ గుట్ట ఎత్తు.

వెళ్ళదలచినవారికి ఒక్క సూచన. మనిషికి ఆరువందల రూపాయలలో పడవ, భోజనం, దారి చూపడం అన్నీ కలిసే ఉంటాయి కాని, ఒడ్డుకు ఆలస్యంగా చేరితే బండలు వేడెక్కి తొందరగా దిగవలసి వస్తుంది. ఆరున్నరకల్లా అక్కడ ఉండండి. దొన దగ్గర అరగంట తీరికగా కూర్చొనేలా చూసుకోండి. అక్కడ ఓబులేసు ఒక కథ చెబుతాడు. అది ఇప్పుడు మునుపటి కంటే కాస్త పెద్దది.