ఓక్ ఫ్లోరింగ్‌కు ఏ రంగు

రంగు చెప్పడానికి మేస్త్రీ ఇచ్చిన గడువు ఈ రోజుతో ముగిసింది. తార్నాకలో మేం కొనుక్కున్న ఫ్లాట్‌లో ఓక్ చెక్క పరిచారు. పాలిష్ పడకముందే నా భార్య పోయింది. అప్పటినుంచి ఆ నేల అలాగే ఉంది.

క్యాంపస్‌లో పాఠం చెప్పి ఫ్లాట్‌కు వెళ్లేసరికి మేస్త్రీ ఒక మూల రెండు రంగులు పూసి ఉంచాడు. ఒకటి ఆమె కోరిన తేనె రంగు, రెండోది నేను పట్టుబట్టిన ముదురు గోధుమ. విద్యానగర్ నుంచి వచ్చిన మా అక్క గుమ్మంలోనే నిలబడింది.

"ఏడాదన్నా తిరగకముందే ఇంటికి రంగులేందిరా? నలుగురూ ఏమనుకుంటారు?"

"వానలు షురూ అయినయి అమ్మా. గిట్లనే ఉంచితే చెక్క ఉబ్బుతది," అన్నాడు మేస్త్రీ. "జల్దీ చెప్పుండ్రి సార్."

"ఇది వేడుక కాదక్కా. ఆమె మొదలుపెట్టిన పని," అన్నాను.

అక్క లోపలికి వచ్చి రెండు రంగులూ చూసింది.

"ముదురుదే బాగుందిరా."

ఈ విషయంలో నా పక్షం మాట్లాడిన మొదటి మనిషి మా అక్కే. కానీ అవతలి మనిషి లేని వాదనలో గెలవడానికి నాకు మనసొప్పలేదు. తేనె రంగే వేయమన్నాను. మీరైతే ఏం చేసేవారో చెప్పండి.

రేపు పొద్దున మేస్త్రీకి నేనే తలుపు తీస్తాను. మొదటి కోటింగ్ ఆరేదాకా అక్కడే కూర్చుంటాను.