నాలుగో గంట నీళ్ళు

మా సాన్ ఎలీయో లోయలో బోరు పోయిన ఇంటిని ఇల్లు అనరు, డబ్బా అంటారు. కిటికీలుంటాయి, తలుపులుంటాయి, పైన కొత్త రేకులు కూడా ఉండొచ్చు. కుళాయి తిప్పితే గాలి వస్తుంది. అంతే, అది డబ్బా. అరిజోనాలో ఈ మూలకి పిస్తా తోటల వాళ్ళు వచ్చి వెయ్యేసి అడుగుల బోర్లు దించినప్పటి నుంచి మా రోడ్డు మీదే పదకొండు డబ్బాలు తయారయ్యాయి. ఇళ్ళమ్మే ప్రకటనల్లో ఒకప్పుడు మొదటి వరుసలో కొండలు కనిపిస్తాయని రాసేవారు. ఇప్పుడు మొదటి వరుసలో బోరు లోతు రాస్తారు, రెండో వరుసలో నీళ్ళ కాగితం ఎవరు ఇచ్చారో రాస్తారు. పడగ్గదుల లెక్క ఆ తర్వాత.

బోరు నిమిషానికి ఎన్ని గ్యాలన్లు ఇస్తుందో పరీక్షించి సంతకం పెట్టి ఇచ్చేదే నీళ్ళ కాగితం. మా వైపు అది ఇచ్చేవాళ్ళు నలుగురున్నారు. బ్యాంకులకు ఎవరిదైనా ఒకటే. కొనేవాళ్ళు మాత్రం ఒక్క మాటే అడుగుతారు. "ఒఫీలియాదేనా?"

ఒఫీలియా కింటానాతో నేను ఇరవై రెండేళ్ళు పని చేశాను. మా అమ్మాయి జ్ఞానస్నానం రోజున బిడ్డను చేతుల్లో పట్టుకున్నది ఆమే. అప్పటి నుంచి ఆమె నాకు కొమాద్రే, నేను ఆమెకు కొంపాద్రే. ఈ వరస కలిసినవాళ్ళు మాలో ఒకరినొకరు 'మీరు' అనే పిలుచుకుంటారు. తిట్టుకున్నా ఆ 'మీరు' వదలరు.

"కొంపాద్రే, మీవి చేతులా, పార కర్రలా?" అని ఆమె అంటుంది.

"మీ నోటికి సరిపడే మూత దొరకలేదు కొమాద్రే, దొరికితే నేనే బిగిస్తా" అని నేనంటాను.

ఆమెకు ఈ పని ఎవరూ నేర్పలేదు. మిరపకాయల షెడ్డులో కాయలు ఏరే మనిషి. ఒక జూలైలో ఇంటి బోరు మోటారు ఆగిపోయింది. మోటారు బాగుచేసేవాడికి ఫోన్ చేస్తే పదకొండు రోజులకి వస్తానన్నాడు. ఇంట్లో ముసలి తల్లి, ఇద్దరు పిల్లలు, బయట ఫారెన్‌హీటులో నూట పది డిగ్రీల ఎండ. ఆమె పాత ఇనుప సామాన్ల కొట్టు నుంచి మూడు పొడుగాటి గొట్టాలు తెచ్చి మూడు కాళ్ళ మంచెలా నిలబెట్టి, పైన గొలుసు కప్పీ కట్టింది. రెండో రోజు పొద్దున మొదలుపెట్టి రెండు వందల ఎనభై అడుగుల గొట్టాన్ని ఇరవై అడుగుల ముక్క చొప్పున పైకి లాగింది.

అది చూడ్డానికి వీధి వీధంతా కంచె మీద కూర్చుంది. నేనూ కూర్చున్నాను.

"ఆ గొట్టం జారి లోపల పడితే ఎవడు తీస్తాడమ్మా?" అని ఒకడు అరిచాడు.

"నువ్వొచ్చి పట్టుకుంటే జారదు. అక్కడే కూర్చుని అరిస్తే జారుతుంది" అంది ఒఫీలియా, తలెత్తకుండా.

నేను కంచె దిగి వెళ్ళి పానా పట్టుకున్నాను. లోపల తీగ గొట్టానికి రాసుకుని రాసుకుని తెగింది. ఆమె దాన్ని అతికి, తడి తగలకుండా చుట్టి, మళ్ళీ పద్నాలుగు ముక్కలూ దించింది. సాయంత్రానికి నీళ్ళొచ్చాయి. కంచె మీద వాళ్ళు ఇంటికెళ్ళారు. మర్నాడు వాళ్ళలో ఇద్దరు వచ్చి మా బోరు కూడా చూస్తావా అని అడిగారు.

నీళ్ళు కొలవడం కూడా ఆమె అలాగే నేర్చుకుంది, తప్పులు చేసి, దిద్దుకుని. పెద్ద సరంజామా ఏమీ లేదు. ఒక ఉక్కు టేపు, వడ్రంగులు వాడే నీలం సుద్ద, ఐదు గ్యాలన్ల బకెట్, గడియారం. టేపు చివర సుద్ద రాసి బోరులోకి దించుతుంది. తడిసినంత మేర సుద్ద ముదురు రంగుకి తిరుగుతుంది. ఆ గీత దగ్గర అంకె చూస్తే నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో తెలుస్తుంది. తర్వాత మోటారు వేసి, బకెట్ నిండడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూస్తుంది. పావుగంటకోసారి చూస్తుంది. నాలుగు గంటలు చూస్తుంది.

మిగతా ముగ్గురూ ఒక్క గంటతో సరిపెడతారు. ఒక గంటకి ఏ బోరైనా మంచిదే. కేసింగులో, అంటే బోరులో దించిన వెడల్పు గొట్టంలో, నిలవున్న నీళ్ళే మొదట బయటికొస్తాయి. అవి అయిపోయాక గానీ అసలు ఊట ఎంతో తెలియదు. ఒక గంట కాగితం చూసి లుండ్ అనే కుటుంబం మా పక్క రోడ్డులో ఇల్లు కొన్నారు. మూడో నెలకి కుళాయి దగ్గడం మొదలుపెట్టింది. ఇప్పుడు పట్నం నుంచి ట్యాంకులో నీళ్ళు తెచ్చుకుంటున్నారు. అమ్ముదామంటే కొనేవాడు లేడు.

ఇంత తెలిసినవాణ్ణి, నా ఇంటి దగ్గరకొచ్చేసరికి నేను చేసింది చెప్తాను.

మా ఆవిడ సోకోర్రోకి రెండేళ్ళుగా డయాలసిస్. వారానికి మూడుసార్లు టూసాన్‌కి తొంభై మైళ్ళు పోవాలి, తొంభై రావాలి. పోయొచ్చిన రోజు ఆమెకి ఇంకేమీ చేసే ఓపిక ఉండదు. టూసాన్‌లో ఆసుపత్రి దగ్గర ఒక చిన్న ఇల్లు చూసుకున్నాం. ఇక్కడి ఇల్లు అమ్ముడైతేనే అది దొరుకుతుంది. ఆ ఇంటివాళ్ళు నెలాఖరు దాకా ఆగుతామన్నారు.

కొనడానికి వచ్చినాయన పేరు వెండెల్ ఓక్స్. రైల్వేలో వెల్డింగు పని చేసి రిటైరయ్యాడు. ఒక్కడే మనిషి, రెండు మేకల్ని పెంచుకోవాలని ఆశ. ఇల్లు నచ్చింది. ధర కూడా ఒప్పుకున్నాడు. ఒకటే షరతు, నీళ్ళ కాగితం ఒఫీలియా దగ్గరే కావాలన్నాడు. నేను సరేనన్నాను. ఆ సాయంత్రమే తోటకి నీళ్ళు ఆపేశాను.

బోరుని పడుకోబెట్టడం అంటాం మేం. పరీక్షకి ముందు కొన్నాళ్ళు చుక్క నీళ్ళు తోడకుండా వదిలేస్తే కేసింగు పైదాకా నిండుతుంది. మాది పాత వ్యవసాయపు బోరు, ఎనిమిది అంగుళాల కేసింగు, చాలా నీళ్ళు పడతాయి. బావమరిది ఇంటి నుంచి డ్రమ్ముల్లో నీళ్ళు తెచ్చి ఐదు రోజులు వాడాం. ఒఫీలియాని నేను ఏమీ అడగలేదు. అడగకుండానే ఆమె చూసీ చూడనట్టు పోతుందని మనసులో అనుకున్నాను.

ఆమె వచ్చింది. వెండెల్ వచ్చాడు. ఇల్లమ్మిపెట్టే ఏజెంటు, ట్యాడ్ అనే కుర్రాడు, తెల్ల బూట్లేసుకుని వచ్చాడు. ఒఫీలియా బోరు దగ్గరికి పోలేదు. నేరుగా దానిమ్మ చెట్టు దగ్గరికి పోయి పాదులో మట్టి వేళ్ళతో నలిపింది. పగుళ్ళిచ్చిన మట్టి పొడిపొడిగా రాలింది. తర్వాత నా ట్రక్కు వెనక తొట్టి చూసింది. డ్రమ్ముల అడుగులు గుండ్రంగా అచ్చుపడి ఉన్నాయి.

నన్ను మోటారు గది వెనక్కి పిలిచింది.

"నాచో, ఎన్ని రోజులు పడుకోబెట్టావ్?"

ఇరవై రెండేళ్ళలో నన్ను పేరు పెట్టి పిలవడం, 'నువ్వు' అనడం అదే మొదటిసారి. గూబ మీద కొట్టినా అంత తగిలేది కాదు.

"ఐదు."

"ఐదు రోజులు సోకోర్రో బట్టలు ఎక్కడ ఉతికింది?"

"వాళ్ళ తమ్ముడింట్లో. మోటారు తీగ కాలిపోయిందని చెప్పా."

"మోటార్లు దించేవాడింట్లో ఐదు రోజులు తీగ కాలిపోయిందా! నమ్మిందా?"

"లేదు."

"అయితే మీ ఇంట్లో బుర్ర ఒక్కరికే ఉందన్నమాట" అంది. "నెలాఖరు సంగతి నాకు తెలుసు. టూసాన్ ఇల్లు సంగతి తెలుసు. అయినా నాలుగు గంటలే."

తిరిగొచ్చి బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని టేపుకి సుద్ద రాయడం మొదలుపెట్టింది.

మొదటి గంటకి నిమిషానికి ఆరు గ్యాలన్లు. ట్యాడ్ చప్పట్లు కొట్టాడు.

"బ్రహ్మాండం మేడం! ఇక చాలు కదా?"

"నీకు పనుంటే పో బాబూ. నాకు ఇక్కడే పని."

"బ్యాంకుకి ఒక గంట చాలు మేడం."

"బ్యాంకు వచ్చి ఈ ఇంట్లో స్నానం చేస్తుందా?"

వెండెల్ నవ్వాడు. ట్యాడ్ కారులోకి పోయి ఏసీ వేసుకున్నాడు.

గంటా యాభై నిమిషాలకి మోటారు శబ్దం మారింది. వెండెల్‌కి తెలియలేదు. నాకు తెలిసింది. ఒఫీలియా అప్పటికే లేచి నిలబడింది. గొట్టం ఒకసారి గాలి ఉమ్మింది, మళ్ళీ నీళ్ళు, మళ్ళీ గాలి. మోటారు వట్టిగా తిరిగి కాలిపోకముందే వాల్వు తిప్పి నీళ్ళు తగ్గించింది. ఇంకొంచెం తగ్గించింది. చెవి గొట్టానికి ఆనించి వింది. మళ్ళీ పావు చుట్టు. అలా గంటసేపు దానితోనే కుస్తీ పట్టింది. ఎండలో ఆమె టోపీ అంచు చెమటకి నల్లబడింది. టోర్టిల్లా రొట్టెలో చుట్టుకొచ్చిన చిక్కుళ్ళు ఒక చేత్తో తింటూ, రెండో చెయ్యి వాల్వు మీద నుంచి తియ్యలేదు.

నాలుగో గంట మొత్తం బకెట్ నిండడానికి మూడు నిమిషాల ఇరవై సెకన్లు పట్టింది. ఒకసారి కాదు, ప్రతిసారీ అంతే. టేపు గీత కూడా కదల్లేదు.

"ఒకటిన్నర" అని రాసింది. "నిలకడగా" అని పక్కన రాసింది. "కొంపాద్రే, ఆ మూత బిగించండి" అంది నాతో.

ట్యాడ్ కారు దిగి కాగితం చూసి మొహం వేలాడేశాడు. "ఆరు నుంచి ఒకటిన్నరకా? ఇక ఈ ఇల్లు పోయినట్టే."

వెండెల్ అతన్ని పట్టించుకోలేదు. "అంటే ఏమిటమ్మా?" అని ఒఫీలియాని అడిగాడు.

"మీకు తోట వెయ్యాలనుంటే ఈ ఇల్లు వద్దు. నిమిషానికి ఒకటిన్నర అంటే రోజుకి రెండు వేల గ్యాలన్లు. మీరొక్కరు, రెండు మేకలు. ఎన్ని నీళ్ళు తాగుతారు?"

"నేను బీరు తాగుతా."

"అయితే మేకలే. ఒక ట్యాంకు కావాలి, రెండున్నర వేల గ్యాలన్లది. ఈ మోటారు తీసేసి చిన్నది వెయ్యాలి. మెల్లగా తోడాలి, ట్యాంకు నిండగానే దానంతటదే ఆగాలి. కుళాయికి నీళ్ళు ట్యాంకు నుంచి ఇంకో మోటారు ఇస్తుంది. ఈ బోరుని తొందరపెడితే చస్తుంది."

"ఎన్నేళ్ళు వస్తుంది?"

"ఏటా జనవరిలో కొలుస్తున్నా, పద్నాలుగేళ్ళ నుంచి. ఏడాదికి నాలుగు అడుగులు దిగుతోంది. ఇన్నేళ్ళని ఎవరైనా చెప్తే వాళ్ళ దగ్గర ఏదీ కొనకండి."

వెండెల్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఆలోచించి చెప్తానని వెళ్ళిపోయాడు.

నేను సోకోర్రోకి అంతా చెప్పాను, డ్రమ్ములు ఎందుకు తెచ్చానో సహా. ఆమె మంచం మీద నుంచి లేవకుండా విని, "ఇక నువ్వు అబద్ధాలాడడం మానెయ్, నీకు చేతకాదు" అంది. "ఒఫీలియా ఇచ్చే కాగితాల గురించే కదా మనం ఇన్నేళ్ళూ గొప్పలు చెప్పుకుంది" అని కూడా అంది. నెలాఖరుకి పన్నెండు రోజులున్నాయి. ఈలోగా నాలుగుసార్లు టూసాన్ పోయొచ్చాం.

తొమ్మిదో రోజున వెండెల్ తన పాత ట్రక్కులో, ట్యాడ్ లేకుండా ఒక్కడే వచ్చాడు. ముందు చెప్పిన ధరలో ఐదో వంతు తగ్గించి అడిగాడు. ట్యాంకు, చిన్న మోటారు మేమే పెట్టాలన్నాడు. టూసాన్‌లో చూసుకున్న ఇంటికి అది సరిగ్గా చాలుతుంది, పైన ఏమీ మిగలదు. మేం ఒప్పుకున్నాం.

"ఒకటిన్నర అని తెలిసాక కూడా ఎందుకు కొంటున్నారు?" అని అడిగాను. అడక్కుండా ఉండలేకపోయాను.

అతను జేబులోంచి కాగితం తీసి నా చేతికిచ్చాడు. సోకోర్రోకి చెప్పడమే గానీ దాన్ని నేను చదవలేదు. అంకెల కింద, సంతకం పైన, ఒఫీలియా పెన్సిలుతో ఒక వరుస రాసింది. కొలతల్లో దానికి చోటు లేదు గనక అంచు మీద కుక్కి రాసింది.

"మోటారు, గొట్టం, తీగ దించింది ఇంటాయన నాచో. పద్నాలుగేళ్ళయింది. గాలి ఉమ్మినా కాలలేదు. పని గట్టిది."

"నేను ముప్పై ఒక్క ఏళ్ళు పట్టాలు అతికాను. ఇలాంటి వరుస నా గురించి ఎవరూ రాయలేదు. పై అంకె అంత నిక్కచ్చిగా రాసిన మనిషి కింద వరుస ఊరికే రాయదు" అన్నాడు వెండెల్.

మర్నాడు నేనూ ఒఫీలియా ట్యాంకు దింపాం. ఆమె కింద ఇసుక పరిచి, రసమట్టం బద్ద నాలుగు వైపులా పెట్టి చూసింది. ఒక మూల అర అంగుళం పల్లం ఉంది. వెయ్యి గ్యాలన్లు పడితే అదే సర్దుకుంటుందని నేనన్నాను. సర్దుకోదంది. ట్యాంకు మళ్ళీ ఎత్తించి, ఇసుక తీయించి, మళ్ళీ పరిపించింది. వెండెల్ కూడా చొక్కా విప్పి పార అందుకున్నాడు. మూడోసారికి బద్దలో బుడగ నడిమధ్యన నిలబడింది.

ఇప్పుడు మా ఇంటి నుంచి ఆసుపత్రికి పదకొండు నిమిషాలు. సోకోర్రో చికిత్స అయ్యాక ఇంటికొచ్చి, సాయంత్రం లేచి ఏదో ఒకటి వండుతోంది. నేను వారానికి రెండు రోజులు లోయకి పోయి ఒఫీలియాతో పని చేస్తున్నాను. టూసాన్ చివర కొత్త కాలనీల్లో ఇళ్ళు కొనేవాళ్ళకి ఆమె పేరు తెలియదు. నేను చెప్తున్నాను.