తిరిగిచ్చేసిన టికెట్టు

సముద్రం మధ్యనున్న మా పెంగ్హు దీవుల్లో పుట్టినవాళ్లకి ఒక జబ్బుంది. విమానాశ్రయం బోర్డు మీద 'రద్దు' అని పడిందో లేదో, కాళ్లు వాటంతటవే పరుగు తీస్తాయి. ముందు మన కౌంటరులో టికెట్టు తిరిగిచ్చేయాలి. ఆ వెంటనే పక్క కంపెనీ దగ్గర ఖాళీ సీట్ల కోసం నంబరు పట్టుకోవాలి. వసంతంలో పొగమంచు, చలికాలంలో గాలి, ఏడాది పొడుగునా విమానాలు ఆగిపోయే చోట పుట్టాం కనక ఈ విద్య మాకు ఉగ్గుపాలతో అబ్బింది. మాలో చదువురాని ముసలమ్మ కూడా ఈ పరుగులో ఎవరికీ తీసిపోదు.

బీయున్ కూడా మా దీవి మనిషే. ముప్పై ఏళ్లుగా సముద్రానికి అవతల కావ్‌శ్యుంగ్ నగరంలో ఒక కూరల మార్కెట్టు వారన కుట్టుమిషను పెట్టుకుని, ప్యాంట్లు పొట్టిచేస్తూ, జిప్పులు మారుస్తూ బతికింది. పెళ్లి ఊసు ఎత్తలేదు. ప్రతి ఆదివారం తల్లికి ఫోన్ చేసేది. "ఊళ్లోవాళ్ల ప్యాంట్లన్నీ కొలుస్తావు, మన ఇంటి గుమ్మం ఎంత దూరమో మాత్రం నీకు తెలీదే," అని తల్లి దెప్పేది. నిజమే, గడిచిన రెండు కొత్త సంవత్సరాలకీ ఆమె వెళ్లలేదు. పండగ ముందే కదా చేతి నిండా పని ఉండేది! వచ్చే ఏడు వెళ్దాంలే అనుకుంది. అందరం అలాగే అనుకుంటాం.

మార్చి నెలలో ఒక పొద్దున అన్న రెన్‌హావ్ ఫోన్ చేశాడు.

"ఆసుపత్రివాళ్లు ఇంక లాభం లేదన్నారు. అమ్మని ఇంటికి తెచ్చేశాం. ఊపిరి ఆడుతోంది గానీ చూపంతా గుమ్మం మీదే ఉంది. వచ్చేయవే, ఆలస్యం చెయ్యకు."

తొమ్మిదింటికల్లా ఆమె విమానాశ్రయంలో ఉంది. పది గంటల విమానానికి టికెట్టు దొరికింది కూడా. మొదట పొగమంచు అన్నారు. మంచు విడిపోయింది, పక్క కంపెనీ విమానాలు లేచాయి. ఈమె ఎక్కాల్సింది మాత్రం ఏదో పాడై కదల్లేదు. పదిన్నరకి బోర్డు మీద 'రద్దు' అని పడింది. అంతే, దీవివాళ్లంతా లేచారు. వాళ్లలో ముందు పరిగెత్తింది బీయునే. టికెట్టు ఇచ్చేసి, చూపించిన చోట సంతకం పెట్టి, హాలు రెండో చివరికి ఉరికి నంబరు పట్టుకుంది. ఎనభై ఏడు.

అక్కడే నిలబడింది. నీళ్లు తాగడానికి కూడా పక్కకి వెళ్లలేదు. తన నంబరు పిలిస్తే వినబడదేమోనని ఒళ్లంతా చెవులు చేసుకుంది. సాయంత్రం ఆఖరి విమానానికి పిలుపు అరవై నాలుగు దగ్గర ఆగిపోయింది. అప్పటికి తల్లి పోయి రెండు గంటలైంది. ఆ రోజు పడవ కూడా లేదు.

మర్నాడు ఊరి మొదట్లో కారు దిగి, మోకాళ్ల మీద పాకుతూ, ఏడుస్తూ ఇంటిదాకా వెళ్లింది. మా ఆచారంలో, కడచూపుకి అందని కూతురు అలాగే రావాలి. యాభై రెండేళ్ల మనిషి, కంకర రోడ్డు. మోకాళ్లు చిట్లాయి. ఆ నొప్పి ఆమెకి తెలియనే లేదు.

గుమ్మంలో మేనమామ అత్సాయ్ నిలబడి ఉన్నాడు. చేపల పడవ నడిపిన ముసలాయన, తల్లికి ఒక్కగానొక్క తమ్ముడు. పైన దేవుడు, కింద మేనమామ అంటాం మేం. తల్లి పోతే శవపేటిక మీద ఆఖరి మేకు కొట్టేది ఆయనే. పిల్లలు ఆయన ముందు మోకరిల్లాలి, అక్కని ఎలా చూసుకున్నారో అడిగి తెలుసుకుని, తృప్తి కలిగితే ఆయనే ఒక్కొక్కరినీ చెయ్యిచ్చి లేపాలి. రెన్‌హావ్‌ని లేపాడు. కోడల్ని లేపాడు. బీయున్ దగ్గర ఆగిపోయాడు.

"విమానం ఆగిపోయిందా? పక్కింటి చువాంగ్ వాళ్లబ్బాయి నిన్న పదకొండింటికి దిగాడు. వాడొస్తుంటే మంచు పక్కకి తప్పుకుందా?"

"అది వేరే కంపెనీది మామయ్యా..."

"రెండింటికి కళ్లు తెరిచి 'బీ వచ్చిందా' అని అడిగింది మా అక్క. దార్లో ఉందని అబద్ధం చెప్పాను. పండక్కి రాని దానివి, చావుకి మాత్రం ఏం వస్తావు!"

ఆయన లోపలికి వెళ్లిపోయాడు. చివరికి దూరపు పిన్ని ఎవరో జాలిపడి ఆమె రెక్క పట్టి లేపింది. అది లెక్కలోకి రాదు. ఊరంతా చూసింది.

అప్పటినుంచి బీయున్‌కి ఒకటే పట్టుదల. తాను రాకపోవడం కాదు, విమానమే రాలేదని మామయ్య నమ్మాలి. విమాన కంపెనీకి ఉత్తరం రాసింది. వాళ్లు పరిహారం దరఖాస్తు పంపారు, నింపి పంపింది. 'ప్రయాణికురాలు స్వయంగా టికెట్టు తిరిగిచ్చారు కనుక పరిహారానికి అర్హులు కారు' అని జవాబొచ్చింది.

"స్వయంగానట! చూశావా వీళ్ల నోళ్లు!" అని పక్కన చేపలమ్మే ఆవిడ మీద అరిచింది. ఆవిడ చేసిన పాపమేమీ లేదు, పాపం. మళ్లీ రాసింది. మళ్లీ అదే జవాబు. మూడోసారికి నగర కార్యాలయంలో ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించే ఏర్పాటైంది. కంపెనీ తరఫున కో అనే అధికారి వచ్చాడు. నెమ్మదస్తుడు.

"ఎంతో కొంత ఇచ్చుకుంటామండీ," అన్నాడు.

"డబ్బు మీరే ఉంచుకోండి. పాడైంది మీ విమానమనీ, నేను తొమ్మిదింటికే వచ్చి మీ కౌంటరు ముందు నిలబడ్డాననీ రాసి ముద్ర కొట్టివ్వండి. మా మేనమామకి చూపించాలి."

మధ్యవర్తిగా కూర్చున్న పెద్దావిడ నవ్వబోయి, మేనమామ అన్న మాట విని ఆగిపోయింది. ఆమెకీ విషయం అర్థమైంది.

కో అక్కడికక్కడే రాసిచ్చాడు. ముద్ర కొట్టాక, ఉండబట్టలేక అడిగాడు.

"అసలు మీరు టికెట్టు ఎందుకు ఇచ్చేశారండీ? తైపేయి నుంచి వేరే విమానం తెప్పించాం. టికెట్టు ఉంచుకున్నవాళ్లందరినీ ఒంటిగంటకి ఎక్కించాం. చాలామంది ఇచ్చేయడంతో సగం ఖాళీగా వెళ్లింది."

బీయున్‌కి మొదట ఆ మాట తలకెక్కలేదు. ఒంటిగంట. ముప్పావుగంట ప్రయాణం. రెండింటికి అమ్మ కళ్లు తెరిచింది. నాలుగింటికి పోయింది. ఇన్నాళ్లూ కంపెనీని తిట్టుకుని బతికింది, ఇప్పుడు తిట్టడానికి ఎవరూ మిగల్లేదు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని లేచింది.

నూరో రోజు కర్మకి ఊరెళ్లింది. పూజయ్యాక మామయ్య ముందు మోకరిల్లి కాగితం ఇచ్చింది. ఆయనకి చదువు రాదు. రెన్‌హావ్ పైకి చదివాడు. ముసలాయన మళ్లీ చదవమన్నాడు. రెండోసారి విన్నాక ఆమె వైపు వంగాడు.

"నోరు జారాను తల్లీ. ఊళ్లో అందరి ముందూ నిన్ను అన్యాయంగా అన్నాను. లే." ఆమె మోచేతి కింద చెయ్యి వేశాడు.

ఇన్నాళ్లూ ఆమె ఆశపడింది ఆ చెయ్యి కోసమే. నోరు మూసుకుని లేస్తే సరిపోయేది. ఆమె వల్ల కాలేదు.

"అందులో రాయనిది ఒకటుంది మామయ్యా." ఒంటిగంట విమానం సంగతి మొత్తం చెప్పేసింది.



"పిచ్చిదానా, టికెట్టు ఎవరైనా ఇచ్చేస్తారే," అన్నాడాయన. "మన దీవివాళ్లు ఎవరైనా అంతే. నేనైనా ఇచ్చేసేవాణ్ణి. లే, లేవవే."

"అమ్మ దగ్గరికి తొందరగా చేరాలనే మామయ్యా అంత పరిగెత్తాను. కదలకుండా కూర్చుని ఉంటే అమ్మని చూసేదాన్ని."

ఆయన రెండు చేతులూ పట్టి లాగాడు. ఆమె లేవలేదు. మళ్లీ లాగాడు. ఇక చేతకాక, డెబ్బై ఏడేళ్ల మేనమామ కూడా ఆమె పక్కనే నేల మీద కూలబడి, అక్కా అక్కా అంటూ బావురుమన్నాడు.