ఏడ్చే చక్రానికి ఆముదం

మా వీధి చివర కొత్తగా గానుగ నూనెల కొట్టు ఒకటి పెట్టారు. మొన్న అటుగా వస్తుంటే లోపల ఎవరో ఆముదం గింజలు వేయించి ఆడిస్తున్నట్టున్నారు, ఆ చిక్కటి, కొంచెం మాడిన, ముక్కులో దూరి గొంతుదాకా దిగే వాసన ఒక్కసారిగా వచ్చి తగిలింది. అవసరం లేకపోయినా లోపలికి వెళ్ళి చిన్న సీసా కొనుక్కుని బయటికొచ్చాను. ఆముదం వాసనకు ఎవరికైనా జడలు గుర్తొస్తాయి, బాలింతల గది గుర్తొస్తుంది, జుట్టు పట్టుకుని బలవంతంగా తాగించిన విరేచనం మందు గుర్తొస్తుంది. నాకు మాత్రం ఒక కారు గుర్తొస్తుంది. చెబితే నవ్వుతారు, అయినా చెబుతాను.

కోయంబత్తూరులో మిల్లుల సంగులు, అదే సైరన్లు, గడియారాలకు పని లేకుండా చేసిన రోజులవి. తెల్లవారి సంగుకు అమ్మ పొయ్యి రాజేసేది, మధ్యాహ్నం సంగుకు మేము బడిలో పలకలు సర్దుకునేవాళ్ళం, రాత్రి సంగు వినకుండా నిద్రపోయిన పిల్లలు తెలుగువాళ్ళం ఉండే మా లైను ఇళ్ళలో ఉండేవారు కాదు. షిఫ్టు వదిలాక మగవాళ్ళు వీధిలోకి వస్తుంటే తలల మీద, కనుబొమ్మల మీద, మీసాల మీద దూది నూగు పేరుకుని, పొద్దున పడుచువాళ్ళుగా వెళ్ళినవాళ్ళు సాయంత్రానికి ముసలివాళ్ళయి వచ్చినట్టుండేవారు. మా నాయన కూడా అలాగే వచ్చేవాడు. ఆయన పని దూది బేళ్ళు విప్పి మరలో వేసే చోట. ఆ గదిలో గాలి కంటే దూదే ఎక్కువ. నాకు ఊహ తెలిసేసరికే ఆయనకు దగ్గు పట్టుకుంది. రాత్రిళ్ళు పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఆ గదిలోకి మళ్ళీ వెళితే ఊపిరితిత్తులు మిగలవని డాక్టరు తెగేసి చెప్పాక మిల్లు మానేసి, చేతికొచ్చిన దానితో ఒక కారు కొని టాక్సీ తోలడం మొదలుపెట్టాడు.

కారు అంటే కారే గానీ, తుమ్మితే ఊడే ముక్కు లాంటిది. మొదట ఒక మిల్లు యజమాని దగ్గర దొరలా బతికి, తర్వాత ఒక డాక్టరు దగ్గర నలిగి, చివరికి మా అరుగు ముందుకు వచ్చి నిలబడింది. పాత చింతపండు రంగు. ఎడమ వైపు వెనక తలుపు లోపలి నుంచి తాడుతో కట్టుకోవాలి. వానొస్తే అద్దం తుడిచే పుల్ల సగం దూరం పోయి ఆలోచనలో పడేది. చలికాలం పొద్దున్నే, పాలఘాటు కనుమ నుంచి ఈడ్చి కొట్టే గాలిలో, దాన్ని లేపడానికి నాయన ముందు ఇనప కమ్మీ పెట్టి తిప్పేవాడు, అప్పటికీ లేవకపోతే మేమంతా వెనక నుంచి తోసేవాళ్ళం. అందుకే ఎప్పుడూ పల్లం వైపు మొహం పెట్టి నిలిపేవాడు. అయినా కాకి పిల్ల కాకికి ముద్దు. మా వీధి ఆడపిల్లలు అందులోనే అత్తారిళ్ళకు వెళ్ళారు, అందులోనే పురిటికి తిరిగొచ్చారు. ఒట్టన్‌చత్రం సంతకు పోయే కూరగాయల వ్యాపారి ఒకాయన దారిలో అది రెండుసార్లు ఆగినా మళ్ళీ దాన్నే పిలిచేవాడు. నాయన దగ్గు తగ్గింది. మాకు అంతకంటే ఏం కావాలి.

ఆ కారులో అవ్వకు నచ్చనిది ఒక్కటే. బ్రేకు నొక్కితే ముందు చక్రం ఒకటి కీచుమని ఏడ్చేది. మా అవ్వ, అంటే నాయన తల్లి, కినత్తుకడవు వైపు కొబ్బరి తోటల ఊళ్ళో ఎడ్లబండ్ల ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. బండి చక్రం ఏడిస్తే ఇంటికి మంచిది కాదని, ఏడ్చే బండిని వాకిట్లో పెట్టుకున్న రైతుకు సిగ్గు లేదని ఆమె లెక్క. ఆమె పుట్టింట్లో ఏ పండగకు బండి కట్టినా ముందు రోజు ఇరుసులకు ఆముదంలో బూడిద కలిపిన కందెన పెట్టేవారట. ఆ పని ఆడవాళ్ళదేనట. కారు వీధి మలుపు తిరుగుతూ కీచుమన్నప్పుడల్లా అవ్వ వంటింట్లో నుంచే అనేది, "దాని నోట్లో ఇంత నూనె పొయ్యకూడదా రా, పాపం ఎట్ల ఏడుస్తాండాదో."

నాయన నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వే కొంప ముంచుతుందని ఎవరికి తెలుసు.

ఏడాదికోసారి టాక్సీని ఎఫ్.సి.కి తీసుకుపోవాలి, అంటే బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందో లేదో ఆఫీసరు చూసి చెప్పాలి. ఆయన్ను మా ఊళ్ళో అందరూ బ్రేకు ఇన్‌స్పెక్టరు అనేవారు. మా ఇంట్లో అది పరీక్షా ఫలితాల రోజు. వీధి వీధంతా అడిగేది "పాసా?" అని. బండి పాసైతే నాయన టాక్సీ తోలుతాడు. ఫెయిలైతే మళ్ళీ ఆ దూది గదికే. అమ్మ పైకి అనేది కాదు గానీ, ఆ వారమంతా కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది.

ఆ ఏడు ఆయుధ పూజ అయిన రెండో నాడే ఎఫ్.సి. పడింది. పూజ నాడు నాయన నాలుగు చక్రాలూ విప్పి, బండిని రాళ్ళ మీద ఎత్తి నిలిపి, చక్రాలకు నల్ల రంగు పూసి ఎండలో ఆరబెట్టాడు. విప్పిన చోట ఇనప గిన్నెలు బోర్లించినట్టు బ్రేకు డ్రమ్ములు బయటికి కనబడుతున్నాయి. ఆయన ట్యూబుకు అతుకు వేయించడానికి వెళ్ళాడు. ఇంటి నిండా బొరుగులు, పుట్నాలు, బెల్లం, బొమ్మల కొలువు ముందు పంచిన శనగల శుండల్ వాసన. ఐప్పసి నెల వాన పడీ పడనట్టు ముసురుకుని ఉంది. నేను గడప మీద కూర్చుని దోసెడు బొరుగులు నములుతున్నాను. అవ్వ ఆముదం ముంత, దీపాలకు నూనె పోసే చిన్న గరిటె పట్టుకుని బయటికొచ్చింది. కారు చుట్టూ తిరిగి పసుపు పెట్టింది, కుంకుమ పెట్టింది. తర్వాత ఒక్కో డ్రమ్ము ముందూ గొంతుక్కూర్చుని, దాని మొహం మీదున్న చిన్న కంతలోకి గరిటెతో నూనె పోసింది. పాపకు మందు పోసినట్టు, కొంచెం కొంచెంగా. "ఎల్లుండి దొరల ముందర ఏడవబాక సామీ," అంది దానితో. ఎడ్లతో మాట్లాడిన మనిషి కారుతో మాట్లాడితే నాకేం వింతగా అనిపించలేదు.

పూజ నాడు బండి కదపరు, దశమి నాడు ఆఫీసు ఉండదు. ఆ మరునాడు పొద్దున్నే చక్రాల కింద నిమ్మకాయలు నలిపి, గుమ్మడికాయ కొట్టి బయల్దేరాము. ఎఫ్.సి.కి పోయేటప్పుడు అవ్వ కారులో ఉండాల్సిందే, అది ఆనవాయితీ. బడికి సెలవు కాబట్టి ఆమె ఒళ్ళో నేను. ఖాళీ రోడ్డు మీద మెల్లగానే వచ్చాము, దారి పొడుగునా కారు ఒక్కసారి కూడా కీచుమనలేదు.

"చూడ్రా, ఎంత బుద్ధిగా పోతాండాదో," అంది అవ్వ. నాయనకూ సంతోషంగానే ఉంది.

మైదానంలో మమ్మల్ని దించి నాయన కారు వేగంగా తీసుకొచ్చాడు. ఇన్‌స్పెక్టరు దూరంగా నిలబడి చెయ్యెత్తాడు. ఆ చెయ్యి చూసి నాయన బ్రేకు తొక్కాడు. కారు ఆగలేదు. ఇన్‌స్పెక్టరు పక్కకు దూకాడు. అది ఆయన నిలబడ్డ చోటు దాటి, సున్నం గీత దాటి, అవతల టీ బంకు బెంచీ మీద కూర్చున్న వాళ్ళను లేపి, బెంచీని ముద్దు పెట్టుకుని నిలిచింది. అంత దూరమూ చప్పుడు లేదు. నూనె రాసుకుని చెరువులో దిగిన దున్నపోతులా జారుకుంటూ పోయింది. ఇన్‌స్పెక్టరు కేకలు వెయ్యలేదు. బ్రేకు లేని బండిని మళ్ళీ తన ముందుకు తేవద్దని మాత్రం అన్నాడు. ఇల్లు అలకగానే పండగ కాదంటారు గదా, చక్రాలకు రంగు పూసినంత మాత్రాన ఎఫ్.సి. కాలేదు.

ఇంటికొచ్చి నాయన చక్రం విప్పి, డ్రమ్ము లాగి, లోపల వేలు పెట్టి ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత వంటింటి వైపు చూశాడు. అవ్వ లోపల బియ్యం చెరుగుతోంది, చాట చప్పుడు వినబడుతోంది. నాయన నా వైపు తిరిగి, "కిరసనాయిలు తే అమ్మిణీ," అన్నాడు, అంతే. సాయంత్రం అవ్వ అడిగితే, "లైనింగు అరిగిపోయుండాది మా, మార్చాల," అన్నాడు.

డ్రమ్మును లోపలి నుంచి పట్టి ఆపే ఆ లైనింగు పట్టీలు నూనె తాగితే ఇక పనికిరావు. అంత పాత బండికి కొత్తవి కోయంబత్తూరులో దొరకలేదు. మదురైలో పాత సామాన్ల కొట్లో ఉన్నాయని తెలిసింది, బస్సులో పంపిస్తామన్నారు. అవి వచ్చేదాకా ఏం చెయ్యాలి. నాయన మిల్లు గేటు దగ్గరికి వెళ్ళి రానివాళ్ళ బదులు పనికి తీసుకునే బదిలీ కూలీల వరసలో నిలబడ్డాడు. పాత మనిషి కదా, పాత గదిలోకే పంపారు.

ఆ దినాలు నాకు తలుచుకోవడం ఇష్టం ఉండదు. మొదటి రోజే దగ్గు తిరిగొచ్చింది. గోడకు ఆనుకుని నాయన, ఆయన వీపు నిమురుతూ అమ్మ. అవ్వ మిరియాల కషాయం కాచి తెచ్చి పక్కన పెట్టి, తలుపు దగ్గరే నిలబడి వినేది. "పాడు బండి, నా బిడ్డను మళ్ళా దూదిలోకి తోసినాదే," అని తిట్టేది. అమ్మ ఆమె మొహం చూసేది కాదు. అమ్మకు నాయన చెప్పేశాడని నేను తర్వాత తెలుసుకున్నాను. అమ్మ కోపం ఎలాంటిదో మా వీధికంతా తెలుసు, అలాంటి మనిషి నోరు కట్టుకుని ఉండడం నేను చూసింది అప్పుడొక్కసారే.

లైనింగులు వచ్చాయి. మళ్ళీ అదే మైదానం, అదే ఇన్‌స్పెక్టరు. ఈసారి ఆయన కొంచెం ఎడంగానే నిలబడి చెయ్యెత్తాడు. నాయన బ్రేకు తొక్కాడు. నాలుగు చక్రాలూ కలిసి పెట్టిన కీచుకు చెట్ల మీది కాకులన్నీ లేచాయి. మట్టిలో నాలుగు చారలు గీసి, కారు ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. అవ్వకు సిగ్గేసింది. ఆఫీసరు దగ్గరికి పోయి, "ఏడుస్తాది గానీ మంచి బండి సామీ," అని తనకొచ్చిన అరవంలో బతిమాలింది.

ఆయన నవ్వాడు. "అరవనీ పెద్దమ్మా. అరిస్తేనే బ్రేకు పట్టుకుందని అర్థం. పోయినసారి లోపల ఎవరో నూనె పోసినట్టున్నారు, అందుకే నోరెత్తలేదు," అన్నాడు అరవంలోనే.

నాయన గబగబా అడ్డం వచ్చాడు. "ఆక్సిలు సీలు పోయి ఇరుసు నూనే కారినాది సార్. నూనె ఎవురు పోస్తారు."

అవ్వ నాయనను చూసింది. నాయన బండిని చూశాడు. పాసైన బండిలో ఇంటికొస్తూ అవ్వ గరిటె పట్టిన చేతిని కొంగుకు తుడుచుకుంటూనే ఉంది. ఆమె ఒళ్ళో కూర్చున్న నాకు ఆమె గుండె కొట్టుకోవడం వీపుకు తెలుస్తోంది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆముదం వాసన లేదు. ముంత గూట్లో నుంచి మాయమైంది. తలకు ఆముదం తప్ప మరొకటి ముట్టని అవ్వ కొబ్బరి నూనె రాసుకోవడం మొదలుపెట్టింది. ఎందుకని ఎవరూ అడగలేదు.

దీపావళి వచ్చింది. తెల్లవారుజామున గంగాస్నానానికి పీటలు వేశారు. లోపల నూనెలో వేగే కచ్చాయాల బెల్లం వాసన, పెరట్లో కాగులో నీళ్ళు మరుగుతున్నాయి. ఏటా అందరికీ నువ్వుల నూనె పెట్టేది అవ్వే. నాయన వచ్చి పీట మీద ఆమె ముందు కూర్చుని, "ఆముదం ఏడ పెట్టినావు మా? తల మండతాంది," అన్నాడు.

"అదెందుకు రా. అది పాడు నూనె," అంది అవ్వ.

"పాడు నూనె కాదు మా. బండికి పడలేదు, అంతే. నాకు పడతాది."

అవ్వ నిచ్చెన వేయించుకుని, అటక మీద పాత గోనెల వెనక నుంచి ముంత దింపించింది. అరచేతిలో నూనె పోసుకుని నాయన నడినెత్తిన పెట్టింది.

"నేనే పోసినాను రా," అంది.

"తెలుసు మా," అన్నాడు నాయన, కళ్ళు మూసుకుని. "చెవుల ఎనక బాగా రుద్దు."

ఆ తర్వాత కారు ఎన్నో ఏళ్ళు ఏడుస్తూనే తిరిగింది. వీధి మలుపులో కీచుమనగానే అవ్వ, "అదో, వచ్చినాడు," అని కంచం పెట్టేది. గడప తొక్కకముందే నాయన రాక మాకు తెలిసిపోయేది. కారు ఎప్పుడో ఇనప సామాన్లకు పోయింది. అవ్వ పోయింది, నాయన పోయాడు. మిల్లు ఉన్నచోట పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లు లేచాయి. సంగు ఊదిన చోట లిఫ్టు గంట మోగుతోంది.

ఇప్పటి మా సొంత కారుకు పదిహేనేళ్ళు దాటాయని పోయిన నెల ఎఫ్.సి.కి తీసుకెళ్ళాము. చక్రాలను ఏవో తిరిగే రోలర్ల మీద ఎక్కించి, తెర మీద అంకెలు చూసి, పాసన్నారు. ఎవరూ చెయ్యెత్తలేదు, కాకులు లేవలేదు. పాసైందన్న సంతోషం చెప్పుకోవడానికి మా వీధిలో ఎవరికీ మేము ఎక్కడికి వెళ్ళొచ్చామో కూడా తెలియదు.

కొన్న సీసా ఇంటికి తెచ్చి మూత తీశాను. కాస్త అరచేతిలో పోసుకుని నడినెత్తిన నేనే పెట్టుకున్నాను. చెవుల వెనక బాగానే రుద్దుకున్నాను గానీ, మన చేత్తో మనం అంటుకుంటే అది తలంటు కాదు. బయట ఏదో కారు వచ్చి ఆగినట్టుంది. ఇప్పటి కార్లు చప్పుడు లేకుండా వస్తాయి, చప్పుడు లేకుండా ఆగుతాయి. వచ్చిందెవరో తలుపు తీస్తే గానీ తెలియదు.