పడుకుంటే తగ్గే ఆయాసం

2004 జూన్‌లో మేడ్చల్ రోడ్డు మీద ఉన్న ఒక బోధనాసుపత్రిలో, పిల్లల విభాగంలో అసోసియేట్ ప్రొఫెసర్‌గా చేరాను. పేరులో ప్రొఫెసర్ ఉందిగానీ పెత్తనం లేదు. ఏ పిల్లకు ఏ చికిత్స ఎప్పుడు చేయాలో తేల్చేది యూనిట్ చీఫ్. మిగతావాళ్ళం కేసు విన్నవించుకుని ఆయన సంతకం కోసం చూసేవాళ్ళం. వారానికి ఒకరోజు శామీర్‌పేట్‌లో మా ఆసుపత్రి నడిపే క్లినిక్ మాత్రం నా ఒక్కదాని బాధ్యత.

శ్రావణిని అక్కడికే తీసుకొచ్చారు. తొమ్మిదేళ్ళ పిల్ల. బౌరంపేట్‌లో పొలాలు ప్లాట్లవుతున్న రోజులవి. ఆమె తాత ఆ ఊరి మాజీ సర్పంచి, ఊరంతా పటేల్ అనేవారు. తన పొలంలోనే ఇళ్ళ వెంచర్ వేస్తున్నాడు. పక్కన తల్లి సునీత ఉన్నా మాట్లాడిందంతా తాతే.

"ఏం రోగం లేదు డాక్టరమ్మా, సోమరితనం. ఎప్పుడు సూడు పండుకునే ఉంటది. లేస్తే దమ్మొస్తాందంటది, పండుకుంటె మంచిగనే ఉందంటది. గిట్లాంటి దమ్ము యాడనన్న ఉంటదా? బడి ఎగ్గొట్టనీకె నాటకం. అంతా తల్లిగారింటి పోలిక."

సునీత తల వంచుకుంది. అప్పటికే సుచిత్ర చౌరస్తా దగ్గర ఇద్దరు డాక్టర్లకు చూపించారట. ఒకరు టానిక్ రాశారు. ఇంకొకరు, రెండు తగిలిస్తే అదే లేస్తుందన్నారు. వింటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. గుండె జబ్బులో పడుకుంటే ఆయాసం పెరుగుతుంది, లేచి కూర్చుంటే తగ్గుతుంది. ఇది వార్డులో అడుగుపెట్టిన ప్రతి వైద్య విద్యార్థీ నేర్చే పాఠం. ఈ పిల్ల చెప్పింది ఆ పాఠానికి తలకిందులుగా ఉంది కాబట్టి అబద్ధమని తేల్చేశారు. ఇన్ని చదువులు చదివి, పాఠంలో లేనిది పిల్లలో ఉండకూడదన్నమాట!

ఆమె వేళ్ళ చివర్లు ఉబ్బి గుండ్రంగా ఉన్నాయి. గోళ్ళు నీలంగా ఉన్నాయి. రక్తంలో ప్రాణవాయువు శాతం చూపే క్లిప్పు, పల్స్ ఆక్సీమీటర్, వేలికి తగిలించాను. మామూలుగా తొంభై ఐదుకు పైన ఉండాలి. పడుకున్నప్పుడు తొంభై మూడు చూపింది. లేపి నిలబెట్టాను. మేమంతా చూస్తుండగానే ఎనభై నాలుగుకు దిగింది. పిల్ల బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

నువ్వు సోమరివి కావు, నిలబడితే నీకు నిజంగానే గాలి చాలట్లేదు అని చెప్పాను.

"అయితె ఇగ పండుకుంటె తిట్టరా?" అని అడిగింది.

పటేల్ గోడ వైపు చూశాడు. ఇంట్లో ఎవరికైనా ముక్కు నుంచి రక్తం కారుతుందా అని ఆయన్ని అడిగాను. ముఖం విప్పారింది.

"మా ఇంట్ల గది మామూలే. మా నాయినకుండె, నాకుంది, నా కొడుక్కుంది. మాది గరం నెత్తురు డాక్టరమ్మా."

ఆయన పెదవుల మీద చిన్న చిన్న ఎర్రచుక్కలు కనిపించాయి. శ్రావణికి మాత్రం ఒక్కసారీ ముక్కు నుంచి రక్తం రాలేదు. అందుకే ఆ పిల్లను వాళ్ళ నెత్తురులో లెక్కగట్టలేదు, తల్లి ఖాతాలో వేశారు.

అది వంశపారంపర్యంగా వచ్చే రక్తనాళాల జబ్బు. ధమనికీ సిరకూ మధ్య వెంట్రుకల్లాంటి సన్నని నాళాల వల ఉండాలి. ఈ జబ్బులో అక్కడక్కడ ఆ వల లేకుండా రెండూ నేరుగా అతుక్కుపోతాయి. ముక్కులో అయితే రక్తం కారుతుంది. ఊపిరితిత్తిలో అయితే రక్తం గాలిని అందుకోకుండానే వెళ్ళిపోతుంది. శ్రావణికి ఆ అతుకు ఊపిరితిత్తి అడుగున ఉందని స్కానింగ్‌లో తేలింది. నిలబడితే రక్తం అడుగుకే ఎక్కువ చేరుతుంది, అందుకే ఆ ఆయాసం. అంతకన్నా పెద్ద ప్రమాదం మరొకటుంది. ఊపిరితిత్తి మన రక్తానికి జల్లెడ. దానికి చిల్లి పడితే చిన్న రక్తపు గడ్డలు వడపోత లేకుండా మెదడుకు చేరతాయి.

చికిత్సలో పెద్ద కోత ఏమీ ఉండదు. తొడ దగ్గరి సిరలోంచి సన్నని గొట్టం పంపి, లోహపు చుట్టలతో ఆ నాళాన్ని మూసేస్తారు. వెంటనే చేయిద్దామన్నాను. జన్యు పరీక్ష ఫలితం రానివ్వమన్నారు చీఫ్. కుటుంబం రక్తం నగరంలోని ఒక పరిశోధనశాలకు పంపి నెలల తరబడి ఎదురుచూశాం.

ఫలితం వచ్చింది. తాతకు, తండ్రికి, శ్రావణికి ఒకే జన్యువులో ఒకే మార్పు. సునీతకు లేదు.

"నాది కాదు గద మేడమ్?" అంది సునీత. కాదన్నాను. "గా ముచ్చట మా మామకు మీరే జెప్పుండ్రి. నేను జెప్తే ఇనరు."

చీఫ్ గదిలో అందరి ముందూ చెప్పాను. పటేల్ ఏమాత్రం చలించలేదు. "అయితె మా నెత్తురే. మరి నాకేమైంది? డెబ్బై ఏండ్లొచ్చినై, గుండురాయి లెక్కున్న."

చీఫ్ దానికి వంతపాడారు. మార్పు అదే కాబట్టి జబ్బు నడకా అదే, తాతకు రాని ప్రమాదం మనవరాలికి ఎందుకొస్తుంది, తొందరేం లేదన్నారు. ఆ మాట ఇప్పుడు తలచుకున్నా నా రక్తం ఉడుకుతుంది. పటేల్‌కు ఆయన భాషలోనే చెప్పి చూశాను. మీ వెంచర్‌లో అన్ని ఇళ్ళకూ ఒకే లాటులోని నాసిరకం పైపులు వేస్తే, ఒక ఇంట్లో కొళాయి దగ్గర కారుతుంది, ఇంకో ఇంట్లో గోడ లోపల పగులుతుంది, కొళాయి కారనంత మాత్రాన గోడ భద్రంగా ఉన్నట్టు కాదన్నాను. ఆయన నవ్వాడు. "మంచిగ జెప్పినవమ్మా. వెంచర్ ఓపెనింగ్ అయినంక తీస్కొస్తం. పెద్ద పెద్ద లీడర్లొస్తాండ్రు." చీఫ్ తలూపారు.

ఆ ఓపెనింగ్‌లో, షామియానా కింద, వచ్చే అతిథులకు పూలిచ్చేందుకు శ్రావణిని నిలబెట్టారు. ఎవరిని నిలబెట్టకూడదో ఆ పిల్లనే. కాసేపటికి కుడిచేతిలోంచి పూలపళ్ళెం జారిపడింది. సరిగ్గా పట్టుకోవేం అని ముందు తిట్టారట. జవాబు చెప్పడానికి నోరు రాలేదని ఆ తర్వాత గమనించారు.

పక్షవాతం. అతుకు దాటిన గడ్డ మెదడుకు చేరింది. చీఫ్ సంతకం నిమిషంలో వచ్చింది. ఆ వారంలోనే నాళం మూసేశారు. నిలబెట్టి కొలిస్తే తొంభై ఆరు. మాట కొన్ని వారాల్లో తిరిగొచ్చింది. కుడిచేతి వేళ్ళు మాత్రం పూర్తిగా రాలేదు. ఆ పిల్ల ఎడమచేత్తో రాయడం నేర్చుకుంది.

నెలవారీ సమావేశంలో చీఫ్ దీన్ని అరుదైన కేసుగా వివరించారు. స్కానింగ్ ఎప్పుడు చేశామో, పక్షవాతం ఎప్పుడు వచ్చిందో ఆ రెండు తేదీలూ కలిపి చూపించమని లేచి అడిగాను. కూర్చోమన్నారు. కూర్చోలేదు. ఆ ఏడు నా ప్రమోషన్ ఆగింది. ఆగితే ఆగనీ అనుకున్నాను.

రిటైరయ్యేదాకా నా విద్యార్థులకు చెప్పింది ఇదే. జబ్బు ఏ ఇంటి నుంచి వచ్చిందో జన్యు పరీక్ష చెబుతుంది. ఒంట్లో ఎక్కడ కూర్చుందో చెప్పదు. తాతను చూసి మనవరాలిని అంచనా వేయకూడదు, ప్రతి పిల్లలోనూ విడిగా వెతకాలి. లేస్తే ఆయాసమని పిల్ల చెబితే పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి కొలవాలి. సోమరి అని తిట్టడానికి పట్టేంత సేపు కూడా పట్టదు.